సముద్రపు గాలిమరలు: భారము మోయువారికి లెక్కయు, పాలును

సముద్రమున స్తంభములు నాటి, వానిపై గాలిమరలు నిలిపి, విద్యుచ్ఛక్తిని పుట్టించు పరిశ్రమ పశ్చిమ యూరోపు దేశములలో మిక్కిలి వ్యాపించియున్నది. మన దేశమునందును దీనిని నెలకొల్పుటకై కేంద్ర ప్రభుత్వమువారు 2024 జూను నెలలో 7,453 కోట్ల రూపాయల పథకము నొకదానిని అంగీకరించిరి. ఈ ద్రవ్యము ప్రజలది. కావున ప్రజలలో అధికసంఖ్యాకులగు కర్షకులు దీనినిగుఱించి కొంత తెలిసికొనుట ఆవశ్యకము. గాలిమరలు మంచివా చెడ్డవా యను వాదమునకు మేమిచట పూనుకొనుట లేదు. బొగ్గుపొగ తగ్గవలెననుటలో మాకు సందేహము లేదు. మేము విచారింపదలచిన ప్రశ్న వేఱు. ఈ పరిశ్రమకు ప్రభుత్వ మిచ్చు సహాయద్రవ్యపు భారమును ఎవరు మోయవలెను? ఏ రీతిని మోయవలెను? మోసినవారికి మిగులున దేమి?

“మా బోరుమోటారునకు ఛార్జీ లేదు, ఈ విచారము మాకేల?” యని కొందఱు సభ్యు లడుగవచ్చును. వ్యవసాయమునకు 2004 నుండి ఉచిత విద్యుత్తు లభించుచున్న మాట నిజమే. కాని ఆ విద్యుత్తు ఊరక పుట్టుట లేదు. దాని వెలను రాష్ట్ర ప్రభుత్వమువారు పంపిణీ సంస్థలకు చెల్లింపవలసి యున్నది. విద్యుత్తు కొనుగోలు వెల హెచ్చినకొలది ఆ పద్దు హెచ్చును. ఆ పద్దు హెచ్చినకొలది కాలువల మరమ్మతునకును, బాటలకును, బడులకును మిగులు సొమ్ము తఱుగును. ఇదిగాక రైతు ఇంటి దీపమునకు బిల్లు కలదు. ధాన్యపు మరకు కలదు, పాలశీతల కేంద్రమునకు కలదు, సంఘపు గిడ్డంగికి కలదు. ఆ బిల్లు పెరిగినచో మరపట్టు కూలియు పెరుగును. కావున విద్యుత్తు ధరతో తనకు సంబంధము లేదని చెప్పగల రైతు మాకు కానరాడు.

మొదట ఈ పరిశ్రమ స్వభావమును గ్రహింపవలెను. బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రమునకు ప్రతిదినమును బొగ్గు కొనవలెను. గాలికి వెల లేదు. అయితే ఖర్చు దాదాపుగ అంతయు ఆరంభముననే పెట్టవలెను. ఇది రైతు అప్పు చేసి బావి త్రవ్వించుటవంటిది. త్రవ్విన పిదప నీటికి వెల లేదు గాని, తెచ్చిన అప్పునకు వడ్డీ కలదు. ఆ రైతునకు నీటివెల యనగా చాలవఱకు వడ్డీయే. సముద్రపు గాలిమరకును ఇదే న్యాయము. సముద్రపు టడుగున పునాది వేయవలెను. అందులకు ప్రత్యేకమగు ఓడలు కావలెను. విద్యుత్తును ఒడ్డునకు చేర్చుటకు నీటిక్రింద కేబుళ్లు పఱవవలెను. ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టకుండ కాపాడవలెను. అందుచే నేలపై నిలుపు మరకంటె దీనికి ఖర్చు మిక్కిలి హెచ్చు. దానికి ప్రతిగా సముద్రముపై గాలి బలముగను, నిలుకడగను వీచును. మిక్కిలి పెద్ద మరలను నిలుపుటకు వీలగును. వడ్డీ తగ్గిన సంవత్సరమున ఈ విద్యుత్తు చౌకయగును. వడ్డీయు, ఇనుము వెలయు పెరిగిన సంవత్సరమున ప్రియమగును. దీనిని మనస్సున నుంచుకొని ఇతరదేశముల యనుభవమును చూతము.

సముద్రమున మొదటి గాలిమరల క్షేత్రము 1991లో డెన్మార్కు దేశమున విండెబీ యొద్ద వెలసినది. అందు 11 మరలుండెను. అన్నియు కలిసి 5 మెగావాట్లకు లోబడిన శక్తి కలవి. కాలము తీఱి 2017లో అవి తొలగింపబడినవి. నేడు నిలుపుచున్న పెద్ద మర యొక్కటియే ఆ పదునొకండింటి శక్తిని మించినది. ఈ పెరుగుదల ప్రభుత్వముల సహాయము లేక కలుగలేదు. ఆ సహాయమునకు సొమ్ము తెచ్చిన మార్గములలో మాత్రము భేదములు కలవు.

బ్రిటను దేశమున 2002లో నొక విధానము పెట్టిరి. విద్యుత్తు నమ్ము ప్రతి సంస్థయు, తానమ్మినదానిలో ఇంత భాగము గాలి, ఎండ మున్నగు వానినుండి పుట్టినదని సర్టిఫికెట్లు చూపవలెను. చూపనిచో రుసుము కట్టవలెను. ఆ ఖర్చును సంస్థలు బిల్లులలో చేర్చి వినియోగదారులవద్ద రాబట్టుకొనెను. గాలిమరల యజమానులకు బజారు ధరయు దక్కెను, సర్టిఫికెట్ల వెలయు దక్కెను. బజారు ధర తక్కువగ నున్నంతకాలము ఇందలి లోపము కానరాలేదు. 2022లో యుద్ధమువలన గ్యాసు వెల మండి, విద్యుత్తు ధర ఆకాశము నంటినప్పుడు, వారికి రెండు విధముల లాభము కలిగెను; జనులకు రెండు విధముల నష్టము కలిగెను. తుదకు 2023 జనవరి నుండి విద్యుదుత్పత్తిదారుల అధికలాభములపై ఆ ప్రభుత్వము ప్రత్యేకపు పన్ను విధింపవలసి వచ్చెను.

రెండవ విధానము 2013 నాటి శాసనముచే ఏర్పడినది. దీనిలో ఉత్పత్తిదారునకు ఒక ఒడంబడిక ధర నిశ్చయింపబడును. బజారు ధర దానికంటె తగ్గినచో తేడాను అతనికి చెల్లింతురు. హెచ్చినచో తేడాను అతడు తిరిగి చెల్లింపవలెను. మన మద్దతుధరతో పోల్చిచూచిన ఇది సులభముగ బోధపడును. మద్దతుధరలో బజారు పెరిగినచో లాభము రైతుదే. ఇందు బజారు పెరిగినచో లాభము జనులది. ఏలయన నష్టభయమును వారే భరించుచున్నారు. 2024 వేలము వఱకు ఇచ్చిన ఒడంబడికలు 15 సంవత్సరములు నడచునట్టివి. ద్రవ్యోల్బణముతో పాటు ధరయు పెరుగును.

ఈ ధరల చరిత్ర గమనింపదగినది. ఇవన్నియు 2012 నాటి వెలలలో లెక్కించినవి. 2014లో మొదటి ఒడంబడికలను వేలము లేకయే యిచ్చిరి. సముద్రపు గాలిమరలకు వేయి యూనిట్లకు 140 మొదలు 150 పౌండ్ల వఱకు ఒప్పుకొనిరి. అనగా యూనిట్టునకు 14, 15 పెన్నీలు. ఆ సంవత్సరము పోటీ లేకుండ ఇచ్చిన ఎనిమిది ఒడంబడికలకును కలిపి 1,660 కోట్ల పౌండ్లవఱకు ఖర్చు కాగలదని ఆ దేశపు జాతీయ లెక్కల తనిఖీ కార్యాలయము విమర్శించినది. పిమ్మట వేలము పెట్టిరి. 2015లో ధర 114 మొదలు 120 పౌండ్లకు దిగెను. 2017లో కొన్నింటికి 57½ పౌండ్లకు వచ్చెను. 2019లో 40 పౌండ్ల ప్రాంతమునకును, 2022లో 37 పౌండ్ల చిల్లరకును పడెను. అంతట ప్రభుత్వమువారు ఇక నిట్లే తగ్గుచుండునని తలచి, 2023 వేలమున గరిష్ఠ ధరను 44 పౌండ్లుగ నిర్ణయించిరి. అప్పటికి వడ్డీలును, ఇనుము వెలయు పెరిగియుండుటచే సముద్రపు గాలిమరలకు పాటదారు డొక్కడైనను రాలేదు. 2024లో గరిష్ఠ ధర పెంచగా 54 మొదలు 59 పౌండ్ల వఱకు పాటలు వచ్చెను. ఆ ధరకు పాడినవానిలో నొక పెద్ద క్షేత్రమును గిట్టుబాటు కాదని యజమానులు 2025లో నిలిపివేసిరి.

ఇందు మనము నేర్వదగినవి రెండు కలవు. వేలము లేని సహాయము దుబారాకు దారితీయును. కేవలము చౌకను కోరిన వేలమున పని జరుగదు. 2021 చివర మొదలు బజారు ధర ఒడంబడిక ధరను మించినప్పుడు ఈ విధానము క్రింద నున్న ఉత్పత్తిదారులు సొమ్ము తిరిగి చెల్లించిన మాట సత్యము. అయితే కొందఱు తమ ఒడంబడిక ఆరంభమును వాయిదా వేసికొని, ఆ మధ్యకాలమున బజారు ధరకే అమ్ముకొనిరి. ఒడంబడికలో అట్టి సందు ఉండనిచ్చినది వ్రాసినవారి లోపమే.

ఇక సొమ్ము తెచ్చు మార్గముమాట. బ్రిటనులో ఈ రెండు విధానముల భారమును బిల్లుల మీదనే వైచిరి. దీనిని సమర్థించువారు, వాడుకొన్నవాడే చెల్లించుట న్యాయమందురు. మాట వినుటకు బాగుగనే యున్నది. కాని దీపము, వంట, చలికాలమున వెచ్చదనము అనునవి పేదవాడు మానుకొనగల వస్తువులు కావు. ధనికుని ఆదాయములో విద్యుత్తు బిల్లు నూఱవ వంతు కావచ్చును. పేదవాని ఆదాయములో పదవ వంతు కావచ్చును. యూనిట్టునకింత యని వేసిన రుసుము ఇద్దఱకును సమానముగ కనబడుచు, సమానముగ బాధింపదు. ఆ దేశపు ప్రభుత్వమే తుదకు దీనిని కొంతవఱకు గ్రహించినది. 2002 నాటి విధానమువలన గృహములపై పడుచున్న భారములో నూటికి 75 వంతులను 2026 ఏప్రిలు మొదలు మూడు సంవత్సరములపాటు ఖజానా నుండి భరింతుమని 2025 నవంబరు బడ్జెటున ప్రకటించిరి.

జర్మనీ దేశపు అనుభవము మఱింత స్పష్టమైనది. అచట గాలి, ఎండ మొదలగువానినుండి వచ్చు విద్యుత్తంతటికిని సహాయము చేయుటకై బిల్లుపై రుసుము వేసిరి. సముద్రపు గాలి అందొక భాగము మాత్రమే. 2017లో ఆ రుసుము యూనిట్టునకు 6.88 సెంట్ల వఱకు పెరిగెను. అనగా కుటుంబము చెల్లించు ధరలో అయిదవ వంతునకు మించెను. విద్యుత్తు విశేషముగ వాడు పెద్ద కర్మాగారములకు, అవి దేశాంతరముల పోటీకి నిలువలేవను కారణముచే, రుసుములో పెద్ద రాయితీ నిచ్చిరి. వారు దింపుకొన్న బరువు గృహస్థుల మీదను, చిన్న దుకాణముల మీదను పడెను. ఇది చాలకాలము జరిగిన పిమ్మట 2022 జూలై 1 నుండి రుసుమును పూర్తిగ తీసివేసి, ఆ ఖర్చును ప్రభుత్వ ద్రవ్యమునుండి చెల్లింప నారంభించిరి. తిలాపాపము తలా పిడికెడన్నట్లు భారమును పంచుట తేలిక. పిడికెళ్లన్నియు చిన్నవారి తలపైననే పడుచున్నవా యని చూచువారుండవలెను.

మన దేశపు పథకమును ఇప్పుడు పరిశీలింతము. 7,453 కోట్లలో 600 కోట్లు రెండు రేవుల అభివృద్ధికి. మిగిలిన 6,853 కోట్లు గుజరాతు తీరమున 500 మెగావాట్లు, తమిళనాడు తీరమున 500 మెగావాట్లు, మొత్తము 1,000 మెగావాట్ల గాలిమరలకు గిట్టుబాటు లోటును పూడ్చుటకు. ఇవి సంవత్సరమునకు సుమారు 372 కోట్ల యూనిట్ల నిచ్చునని ప్రభుత్వపు అంచనా. 25 సంవత్సరములకు 9,300 కోట్ల యూనిట్లగును. లెక్క కట్టి చూచిన, సహాయము యూనిట్టునకు సుమారు 74 పైసలగుచున్నది. సొమ్ము ముందే పెట్టవలసియుండుటచే వడ్డీ కూడ కలిపినచో ఇంకను హెచ్చగును. ఇది చిన్న సహాయము కాదు. అయినను దీనిలో మేము మెచ్చుకొనదగిన గుణమొకటి కలదు. ఇది ఖజానా నుండి వచ్చుచున్నది. ఇంత యని హద్దు కలది. అందఱకును తెలియునట్లు ప్రకటింపబడినది. గుజరాతు తీరమునకై 2024లో పిలిచిన టెండరు 2025లో రద్దయినది. కావున షరతులను సరిచూచుకొనుటకు ఇంకను అవకాశము కలదు.

అయితే కంటికి కనబడని సహాయము వేఱొకటి కలదు. 2032 డిసెంబరు 31 లోపల పని ఆరంభించు సముద్రపు గాలిమరల విద్యుత్తునకు, ఒక రాష్ట్రము నుండి మఱియొక రాష్ట్రమునకు పంపు తీగల ఛార్జీని 25 సంవత్సరములపాటు మాఫీ చేయుదుమని కేంద్ర ప్రభుత్వమువారు నిర్ణయించిరి. తీగలు వేసిన ఖర్చు మాఫీ యగునా? కాదు. అది ఆ తీగలను వాడుకొను ఇతరులపై పంచబడును. ఆ ఇతరులలో మన పంపిణీ సంస్థలును కలవు. మన తీరమున నొక్క మర నిలువకున్నను, ఈ మార్గమున కొంత భారము ఆంధ్ర, తెలంగాణ ప్రాంతముల బిల్లులను చేరును. ఇది యెంతయను లెక్క సామాన్యుని బిల్లులో కనబడదు. మాకు అభ్యంతరము ఇందే కలదు.

ఒప్పందమున వ్రాసిన ధర ఎంత దూరము వెంటాడునో మన ప్రాంతపు అనుభవమే చెప్పుచున్నది. ఆంధ్రప్రదేశ్ పంపిణీ సంస్థలు నేలపై గాలిమరలనుండి యూనిట్టు 4 రూపాయల 84 పైసల వంతున 25 సంవత్సరములకు కొనుటకు ఒప్పందములు చేసికొనెను. పిమ్మట బజారున ధరలు పడిపోగా, 2019లో రాష్ట్ర ప్రభుత్వమువారు ఆ ధరలను తగ్గింపవలెనని ప్రయత్నించిరి. ఉత్పత్తిదారులు హైకోర్టు నాశ్రయించిరి. ఒప్పందపు ధరలే చెల్లింపవలెనని 2022 మార్చిలో తీర్పు వచ్చెను. ఒప్పందము చేసిన పిమ్మట విలపించి ప్రయోజనము లేదు. ప్రశ్నింపవలసిన కాలము సంతకమునకు ముందే.

మా అభిప్రాయమునకు రెండు ఆక్షేపణలు చెప్పవచ్చును. ఖజానా సొమ్ము కూడ జనులదే గదా, ఉప్పు పప్పులు కొను పేదవాడును పన్ను చెల్లించుచున్నాడు గదా, యని మొదటిది. నిజమే. కాని ఖజానాకు ఆదాయపు పన్నును, కంపెనీల పన్నును కూడ వచ్చును. ఉన్నవాడు ఎక్కువ చెల్లించును. ఆ ఖర్చునకు పార్లమెంటు అనుమతి కావలెను. లెక్కల తనిఖీ కలదు. అడుగుటకు మన ప్రతినిధి కలడు. బిల్లులో దాగిన రుసుమునకు ఇట్టి కాపుదల లేదు. ప్రభుత్వముల వాగ్దానము నిలుకడ లేనిది, బిల్లునుండి వచ్చు సొమ్మే నమ్మదగినది, నమ్మకము లేనిచో అప్పిచ్చువారు వడ్డీ పెంచుదురు, ధర మఱల జనులపైననే పడును, అనునది రెండవది. ఇది బలమైన ఆక్షేపణ. దీనికి విరుగుడు బిల్లులో దాచుట కాదు. సహాయమును యేటేట వాయిదాలకు విడువక, మరలు నిలిచినకొలది ముట్టునట్లు ముందే ద్రవ్యము కేటాయించి, దానికి శాసనబద్ధమైన హామీ నిచ్చుట.

కావున మేము కోరునవి ఇవి. సముద్రపు గాలికి సహాయము హద్దు కలదై, ఖజానానుండి రావలెను. వేలము లేకుండ ఎవరికిని ఇవ్వరాదు. బజారు ధర పెరిగినప్పుడు మిగులు లాభము తిరిగి ప్రజలకు చేరు షరతు ఒప్పందమున నుండవలెను. మాఫీలవలన ఇతరులపై పడు భారమును ప్రతి సంవత్సరమును లెక్క కట్టి ప్రకటింపవలెను. వీనితో పాటు మఱియొకటి: సొమ్ము పెట్టిన జనులకు సొత్తులో భాగముండవలెను. సొమ్మొకరిది సోకొకరిది కారాదు.

ఈ కడపటి కోరిక ఊహామాత్రము కాదు. డెన్మార్కున కోపెన్‌హేగను నగరపు రేవునకు సమీపమున 2000–2001 ప్రాంతమున మిడెల్‌గ్రుండెను అను క్షేత్రమును నెలకొల్పిరి. 20 మరలు, 40 మెగావాట్లు. అందు సగము నగరపు విద్యుత్ సంస్థది. సగము సహకార సంఘముది. ఆ సంఘమున 8,500 మందికి పైగా సభ్యులు చేరి 40,500 వాటాలు కొనిరి. సంవత్సరమునకు వేయి యూనిట్ల ఉత్పత్తికి ఒక వాటా యని లెక్క కట్టిరి. ఆ క్షేత్రమునకును ప్రభుత్వపు ప్రోత్సాహము కలదు. కాని ఆ ప్రోత్సాహపు ఫలము బిల్లు కట్టు కుటుంబముల చేతికే కొంత తిరిగి వచ్చెను. నేటి క్షేత్రములు దానికి ఇరువది ముప్పది రెట్లు పెద్దవి. సహకార సంఘములు వానిని స్వయముగ కట్టలేవు. అయినను పెద్ద సంస్థ కట్టు క్షేత్రమున నూటికి కొన్ని వంతుల వాటాలను సంఘములకును, తీరమున చేపలు పట్టి జీవించువారికిని ముందుగ చూపవలెనని టెండరులోనే షరతు పెట్టుటకు అడ్డమేమి?

విద్యుత్తు సహకారమునకు తగిన పని కాదని యెవరైన ననినచో సిరిసిల్ల వైపు చూపవచ్చును. అచటి సహకార విద్యుత్ సరఫరా సంఘము 1970లో ఏర్పడి, విద్యుత్తును టోకున కొని తన సభ్యులకు పంపిణీ చేయుచున్నది. కష్టములు లేకపోలేదు, కాని తీగయు, లెక్కయు సభ్యుల ఎదుట నున్నవి.

సభ్యులు చేయదగిన పని కూడ కలదు. 2003 నాటి విద్యుత్ శాసనము ప్రకారము, పంపిణీ సంస్థలు ధరల నిర్ణయమునకై చేసికొను దరఖాస్తులను పత్రికలలో ప్రకటింపవలెను. విద్యుత్ నియంత్రణ మండలి జనుల సలహాలను, ఆక్షేపణలను విచారింపవలెను. ఈ బహిరంగ విచారణలకు పరిశ్రమలవారు న్యాయవాదులతో వచ్చుచున్నారు. రైతులు వచ్చుట అరుదు. ప్రతి సంఘమును ఈ సంవత్సరపు సర్వసభ్య సమావేశమున నొక తీర్మానము చేసి, ఇద్దఱు సభ్యులను ఆ విచారణకు పంపుట మంచిది. వారు అడుగవలసిన ప్రశ్నలు కఠినమైనవి కావు. మన సంస్థ సముద్రపు గాలి విద్యుత్తును కొనదలచుచున్నదా? ఏ ధరకు, ఎన్ని సంవత్సరములకు? తీగల మాఫీవలన మనపై పడునది యెంత? ఈ మూడింటికి అంకెలతో సమాధానము వచ్చువఱకు కూర్చుండి రావలెను.

సముద్రపు గాలి యెవరి సొత్తును కాదు. దానిని పట్టుటకు పెట్టు సొమ్ము మాత్రము మన సొత్తు. భారము మోయువారికి లెక్కయు కావలెను, పాలును కావలెను. సహకార సంఘముల నియమావళి మనకు నేర్పినదియు ఇదియే.